వీర్య నాణ్యత: రోజుల విరామం, నెలల నిరీక్షణ

సంతానం కలగడం లేదని ఆసుపత్రికి వెళ్లిన దంపతుల్లో భర్తకు రాసే మొదటి పరీక్ష సాధారణంగా వీర్య పరీక్షే. ల్యాబులో నింపాల్సిన కాగితంలో పేరు, వయసు తర్వాత ఒక ప్రశ్న ఉంటుంది: చివరిసారి స్ఖలనమై ఎన్ని రోజులైంది? మొహమాటం కొద్దీ కొందరు అక్కడ తోచిన అంకె వేసి ఊరుకుంటారు. ల్యాబు సిబ్బంది కూడా గుచ్చిగుచ్చి అడగరు. అయితే రిపోర్టులో ఆ తర్వాత వచ్చే పరిమాణం, కౌంట్ (శుక్రకణాల సంఖ్య), కదలిక వంటి అంకెలన్నిటినీ ఆ ఒక్క జవాబుతో కలిపి చదివితేనే వాటికి అర్థం ఉంటుంది. ఒకే మనిషి ఒక రోజు విరామంతో ఇచ్చిన నమూనా, పది రోజుల విరామంతో ఇచ్చిన నమూనా పక్కపక్కన పెడితే ఇద్దరు వేర్వేరు వ్యక్తులవేమో అనిపించేంత తేడా ఉండవచ్చు.

స్ఖలనానికి స్ఖలనానికి మధ్య ఎంత ఎడం ఉండాలన్న చర్చలో రెండు వేర్వేరు కాలాలు కలగాపులగం అవుతుంటాయి. వృషణాల్లో తయారై పక్కకు చేరిన శుక్రకణాలు ఎన్నాళ్లుగా నిల్వ ఉన్నాయన్నది రోజుల లెక్క. అసలు ఆ కణాలు తయారు కావడానికి పట్టే వ్యవధి నెలల లెక్క. గాదెలో వడ్లు ఎన్నాళ్లుగా ఉన్నాయన్నది ఒక ప్రశ్న అయితే, పొలంలో పంట ఎలా పండిందన్నది మరో ప్రశ్న. నాలుగు రోజులు ఆగినంత మాత్రాన శుక్రకణాల తయారీ మెరుగుపడదు. నెల కిందట వచ్చిన జ్వరం తాలూకు నష్టం వారం నిగ్రహంతో పూడదు. సంతానం గురించి ప్రచారంలో ఉన్న సలహాల్లో సగానికి సగం ఈ తేడా తెలియక పుట్టినవే.

ముందు తయారీ సంగతి. వృషణాల్లోని సన్నని నాళికల్లో మూలకణాలు విభజన చెందుతూ, క్రోమోజోముల సంఖ్యను సగానికి తగ్గించుకుంటూ, చివరికి తల, తోక ఉన్న శుక్రకణాలుగా రూపొందుతాయి. ఈ ప్రక్రియకు దాదాపు 74 రోజులు పడుతుందని 1960లలో రేడియోధార్మిక పదార్థంతో కణాలను గుర్తించి చేసిన పరిశోధనల ఆధారంగా చాలాకాలం లెక్కగట్టారు. 2006లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం మరో దారి పట్టింది. వలంటీర్ల చేత కొద్దికొద్దిగా భారజలం (బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు) తాగించి, దాని ఆనవాలు ఎన్నాళ్లకు వీర్యంలోని శుక్రకణాల్లో కనబడుతుందో చూసింది. సగటున 64 రోజులకు కనబడింది. వ్యక్తికీ వ్యక్తికీ మధ్య వారాల తేడా కూడా ఉంది. వృషణం నుంచి బయటపడిన కణం ఎపిడిడిమిస్ అనే మెలికలు తిరిగిన గొట్టం గుండా ప్రయాణిస్తూ ఈదే శక్తిని సంపాదించుకుంటుంది. విప్పి సాగదీస్తే మీటర్ల పొడవుండే ఈ గొట్టాన్ని దాటడానికి కొన్ని రోజుల నుంచి సుమారు రెండు వారాల దాకా పడుతుంది. మొత్తం మీద ఈరోజు వీర్యంలో కనబడే కణం రెండున్నర, మూడు నెలల కిందట మొదలైనదని వైద్యులు స్థూలంగా చెప్పే మాటకు ఆధారం ఇదే.

ఎపిడిడిమిస్ తోక భాగంలోనే శుక్రకణాలు నిల్వ ఉంటాయి. వీర్యం పరిమాణంలో మాత్రం వీటి వాటా చాలా స్వల్పం. వీర్యంలో దాదాపు మూడింట రెండు వంతుల ద్రవం శుక్రాశయాల నుంచి వస్తుంది, మిగిలిన దానిలో ఎక్కువ భాగం ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తుంది. వేసెక్టమీ (పురుషుల కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకున్న పురుషుడికి వీర్యం దాదాపు మునుపటంతే రావడానికి కారణం ఇదే. కంటికి కనబడే చిక్కదనాన్నీ పరిమాణాన్నీ బట్టి సంతాన సామర్థ్యాన్ని అంచనా వేయడం కుదరదు. చిక్కగా, ఎక్కువగా వచ్చిన వీర్యంలో ఒక్క శుక్రకణం కూడా లేకపోవడం ల్యాబుల్లో అరుదైన విషయమేమీ కాదు.

నిగ్రహం చుట్టూ అల్లుకున్న నమ్మకాలకు మన దగ్గర బలమైన పునాది ఉంది. ఆయుర్వేదం చెప్పే సప్తధాతువుల్లో రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జల తర్వాత చివరిది శుక్రం. చివరిది కాబట్టి అన్నిటి సారమనీ, వందల చుక్కల రక్తం కలిస్తే గాని ఒక్క చుక్క వీర్యం కాదనీ జనంలో పాతుకుపోయింది. వీర్యం పోతే బలం పోతుందన్న భయంతో నీరసం, దిగులు, నిద్రలేమి వంటి లక్షణాలతో వచ్చే యువకుల పరిస్థితికి 1960లో మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. బస్టాండు గోడల మీద ‘నరాల బలహీనత’ ప్రకటనలు, ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో దొరికే వైద్యులు బతుకుతున్నది ఈ భయం మీదే. శరీరధర్మం ప్రకారం చూస్తే ఆరోగ్యవంతుడి వృషణాల్లో రోజుకు కోట్ల సంఖ్యలో శుక్రకణాలు తయారవుతూనే ఉంటాయి. బయటకు పోనివి లోపలే వయసుడిగి విచ్ఛిన్నమవుతాయి, కొన్ని మూత్రంతోనో స్వప్న స్ఖలనంలోనో పోతాయి. అవి ఎక్కడో పోగుపడి ఒంటికి బలంగా మారే మార్గమేదీ లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వీర్య పరీక్షల మాన్యువల్ మొదటి కూర్పు 1980లో, ఆరోది 2021లో వచ్చింది. పరీక్షకు ముందు కనీసం 2 రోజులు, గరిష్ఠంగా 7 రోజులు విరామం ఉండాలని అది సూచిస్తుంది. ఐరోపాలోని పునరుత్పత్తి వైద్య నిపుణుల సంఘం దీన్ని 3, 4 రోజులకు కుదించింది. ఈ అంకెలు ఎందుకు పెట్టారో గమనించాలి. ఒకరి రిపోర్టును ఇంకొకరి రిపోర్టుతో, అదే వ్యక్తి పాత రిపోర్టును కొత్త రిపోర్టుతో పోల్చాలంటే అందరికీ ఒకే కొలమానం ఉండాలి కాబట్టి పెట్టారు. ఆ వ్యవధిలోనే గర్భం బాగా నిలుస్తుందని తేల్చి పెట్టిన నియమం కాదిది. కాలక్రమంలో పరీక్ష కోసం పెట్టిన నియమం కాస్తా పడకగది నియమంగా మారిపోయింది. ‘వారం ఆగండి, కౌంట్ పెరుగుతుంది’ అన్న సలహా అందులోంచే పుట్టింది.

కౌంట్ పెరుగుతుందన్న మాటలో అబద్ధం లేదు. విరామం పెరిగేకొద్దీ వీర్యం పరిమాణం, మొత్తం శుక్రకణాల సంఖ్య పెరుగుతాయి. మొదటి నాలుగైదు రోజుల్లో ఈ పెరుగుదల స్పష్టంగా ఉంటుంది, ఆ తర్వాత మందగిస్తుంది. పెరిగిన సంఖ్యలో పనికొచ్చేవి ఎన్నన్నది వేరే ప్రశ్న. ఇజ్రాయెల్‌లోని బీర్షెబా ఆసుపత్రి వైద్యులు 2005లో 9,489 నమూనాలను విశ్లేషించి ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది. కౌంట్ మామూలుగా ఉన్నవారిలో విరామం పది రోజులు దాటితే కదలిక తగ్గుతున్నట్టు అందులో తేలింది. కౌంట్ తక్కువగా ఉన్నవారిలో ఫలితం ఇంకా ఆసక్తికరం: వారిలో కదిలే కణాల శాతం ఒక్క రోజు విరామానికే అత్యధికంగా ఉంది, ఆ తర్వాత తగ్గుతూ పోయింది. అంటే ‘నీకు కౌంట్ తక్కువ, కాబట్టి ఎక్కువ రోజులు ఆగు’ అన్న సలహా సరిగ్గా ఎవరికి ఇస్తున్నారో వారికే ఎక్కువ నష్టం చేసే అవకాశం ఉంది.

కారణం శుక్రకణం నిర్మాణంలోనే ఉంది. తయారీ చివరి దశలో కణం తనలోని జీవద్రవాన్ని దాదాపు మొత్తంగా వదిలేసి, డీఎన్ఏను బిగుతుగా మడతపెట్టుకుంటుంది. ఈదడానికి అది మేలే. కానీ డీఎన్ఏకు దెబ్బ తగిలితే మరమ్మతు చేసుకునే సామగ్రి ఇక దాని దగ్గర ఉండదు. ఎపిడిడిమిస్‌లో నిల్వ ఉన్నన్నాళ్లూ చనిపోతున్న కణాల నుంచి, అక్కడుండే తెల్ల రక్తకణాల నుంచి వెలువడే ఆక్సీకరణ పదార్థాల ప్రభావానికి అది గురవుతూనే ఉంటుంది. నిల్వ కాలం పెరిగేకొద్దీ డీఎన్ఏ పోగులు తెగిన కణాల శాతం పెరుగుతుంది. మామూలు వీర్య పరీక్షలో ఇది కనబడదు, దీనికి ప్రత్యేక పరీక్ష వేరే ఉంది. పదేపదే గర్భస్రావమవుతున్న దంపతులకు, ఐవీఎఫ్ (ల్యాబులో అండాన్ని ఫలదీకరించే చికిత్స) కారణం తెలియకుండా విఫలమైన వారికి వైద్యులు ఆ పరీక్ష రాస్తుంటారు.

సిడ్నీకి చెందిన వైద్యుడు డేవిడ్ గ్రీనింగ్ 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ఆ ఐరోపా సంఘం సదస్సులో దీనికి సంబంధించిన ఫలితాలు ప్రకటించారు. డీఎన్ఏ నష్టం ఎక్కువగా ఉన్న 118 మంది పురుషులను వరుసగా ఏడు రోజులు రోజూ స్ఖలించమన్నారు. దెబ్బతిన్న కణాల సగటు 34 శాతం నుంచి 26 శాతానికి దిగింది. పదిమందిలో ఎనిమిది మందికి మెరుగుదల కనిపించగా, మిగతావారిలో నష్టం పెరిగింది కూడా. పోల్చి చూడటానికి వేరే బృందం లేకపోవడం, గర్భధారణ జరిగిందా లేదా అన్నది కొలవకపోవడం ఈ అధ్యయనానికి ఉన్న పరిమితులు. అందువల్ల రోజూ స్ఖలించడం అందరికీ చికిత్స అని దీన్నుంచి తేల్చడం తొందరపాటే. నిల్వ కాలం తగ్గితే డీఎన్ఏ నష్టం తగ్గవచ్చన్న దిశను మాత్రం తర్వాతి అధ్యయనాలూ చాలావరకు బలపరిచాయి. కొన్ని సంతాన సాఫల్య కేంద్రాల్లో కౌంట్ తక్కువగా ఉన్నవారి నుంచి మొదటి నమూనా తీసుకున్న కొద్ది గంటలకే రెండో నమూనా అడగడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే. రెండో నమూనాలో సంఖ్య తగ్గినా, కదలిక తరచుగా మెరుగ్గా ఉంటుంది.

ఒక ఊహాజనిత లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. ఒక పురుషుడికి రెండు రోజుల విరామంతో 2.2 మిల్లీలీటర్ల వీర్యం, మిల్లీలీటరుకు 4 కోట్ల కణాలు, 50 శాతం కదలిక ఉన్నాయనుకుందాం. కదిలే కణాలు 4.4 కోట్లు. అదే మనిషి వారం ఆగితే 3.6 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 6 కోట్లు, 42 శాతం కదలిక వచ్చాయనుకుంటే, కదిలే కణాలు దాదాపు 9 కోట్లు. రిపోర్టులో రెండోదే ఘనంగా కనబడుతుంది. అయితే అండం విడుదలయ్యే రోజుతో ముగిసే ఆరు రోజుల్లో రోజు విడిచి రోజు మూడుసార్లు కలిస్తే అందేవి 13.2 కోట్లు. అవి ఒక్కసారిగా కాకుండా ఎడతెగకుండా అందుతాయి, నిల్వలో ఎక్కువ కాలం మగ్గనివి కూడా. ఆగి ఆగి ఒకేసారి కలిసే దంపతులకు ఆ ఒక్క రోజు సరైన రోజు కాకపోతే ఆ నెల అంతా వృథాయే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీస ప్రమాణాలైన మిల్లీలీటరుకు 1.6 కోట్లు, మొత్తం 3.9 కోట్లు, 42 శాతం కదలిక అనే అంకెలతో పోల్చినా, రెండు సందర్భాల్లోనూ ఈ మనిషి రిపోర్టు మామూలుగానే ఉంటుందన్నది గమనించదగ్గది.

ఆ ఆరు రోజులన్న మాటకు 1995లో ప్రచురితమైన, అమెరికాలోని ఉత్తర కరోలినాలో అలెన్ విల్‌కాక్స్ బృందం చేసిన అధ్యయనం ఆధారం. గర్భం కోసం ప్రయత్నిస్తున్న 221 మంది మహిళల మూత్ర నమూనాలను రోజూ పరీక్షించి అండం విడుదలైన రోజును గుర్తించారు. అండం విడుదలైన రోజు, దానికి ముందు ఐదు రోజులు కలిసిన సందర్భాల్లోనే గర్భం నిలిచింది. ఆ రోజు దాటాక కలిసిన వారిలో ఒక్కరికీ నిలవలేదు. స్త్రీ శరీరంలో శుక్రకణాలు ఐదు రోజుల వరకు బతికి ఉండగలవు, అండం ఆయుష్షు ఒక్క రోజే. రోజూ కలిసిన వారికీ రోజు విడిచి రోజు కలిసిన వారికీ గర్భం వచ్చే అవకాశంలో చెప్పుకోదగ్గ తేడా లేదు: ఆ నెలలో గర్భం వచ్చే అవకాశం మొదటివారికి 37 శాతం, రెండోవారికి 33 శాతం. వారానికి ఒకసారి కలిసే వారికి మాత్రం 15 శాతమే. కౌంట్ కూడబెట్టడం కోసం వారాల తరబడి దూరంగా ఉండే దంపతులు తెలిసి తెలిసి ఈ మూడో వరుసలో చేరుతున్నారు.

తెలంగాణలోని కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లిన కార్మికుల కుటుంబాల్లో ఈ లెక్కకు ఇంకో కోణం ఉంది. రెండేళ్లకోసారి నెలో రెండు నెలలో సెలవు మీద వచ్చే భర్త, ఆ కొద్ది రోజుల్లో గర్భం రాకపోతే ఊళ్లో మాటలు పడే భార్య, వెంటనే పరీక్షలకు పరుగు. ఏడాది పాటు క్రమంగా కలిసి ఉన్నా గర్భం రాకపోతేనే సంతానలేమి అని వైద్యశాస్త్రం అంటుంది. రెండు నెలల సెలవులో దక్కేది రెండు, మహా అయితే మూడు రుతుచక్రాలు. వాటిలోనే గర్భం రాలేదని లోపం వెతకడం తొందరపాటు. వెతకాల్సి వస్తే, నెలల తరబడి విరామం తర్వాత వచ్చిన మొదటి నమూనాతో పరీక్ష చేయించడం తప్పుదారి పట్టిస్తుంది. అందులో పరిమాణం ఎక్కువ, చనిపోయిన కణాలూ ఎక్కువే ఉండవచ్చు, కదలిక తక్కువగా కనబడవచ్చు. ఒకటి రెండుసార్లు స్ఖలనమయ్యాక రెండు మూడు రోజులు ఆగి ఇచ్చిన నమూనాయే నమ్మదగింది.

అయ్యప్ప దీక్షలో 41 రోజులు బ్రహ్మచర్యం పాటించిన వారికి కూడా ఇదే వర్తిస్తుంది. మాల తీసిన మర్నాడే పరీక్షకు వెళ్లడంలో ప్రయోజనం లేదు. దీక్షలో సంతాన సామర్థ్యానికి మేలు చేసే అంశం ఒకటుంది. అది బ్రహ్మచర్యం కన్నా, దానితో పాటు మానేసే మద్యం, సిగరెట్లు. పొగతాగడం శుక్రకణాల సంఖ్యనూ కదలికనూ తగ్గిస్తుందనడానికి తగినన్ని ఆధారాలున్నాయి. కాకపోతే 41 రోజులు ఒక పూర్తి ఉత్పత్తి చక్రానికి చాలవు. మాల తీసిన రోజు రాత్రే మళ్లీ సీసా మూత తీసేవారికి, ఆ మేలు వీర్యంలో కనబడే లోపే ఆగిపోతుంది.

నెలల లెక్క నిజంగా అవసరమయ్యేది ఇలాంటి చోటే. వృషణాలు శరీర ఉష్ణోగ్రత కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాలి, అవి పొట్ట బయట ఉండటానికి కారణం అదే. తీవ్ర జ్వరం వచ్చినప్పుడు ఆ సమయంలో విభజన దశలో ఉన్న కణాలు దెబ్బతింటాయి. జ్వరంతో మంచాన ఉన్న రోజున పరీక్ష చేసినా ఈ నష్టం పూర్తిగా కనబడదు. నెల, నెలన్నర గడిచి, మనిషి కోలుకుని, జ్వరం సంగతే మరిచిపోయాక కౌంట్ పడిపోతుంది. డెంగీ, టైఫాయిడ్ ప్రబలే వానాకాలం తర్వాత, దసరా, దీపావళి రోజుల్లో చేయించుకున్న పరీక్షలో లోపం కనబడితే, గత మూడు నెలల్లో జ్వరం వచ్చిందా అని వైద్యుడు అడగకపోతే రోగి తనంతట తాను చెప్పడం మంచిది. కోవిడ్ కాలంలో బెల్జియంలో 120 మందిపై జరిగిన అధ్యయనం ఈ క్రమాన్ని చక్కగా చూపింది. కోలుకున్న నెలలోపు పరీక్షించిన వారిలో 60 శాతం మందికి కదలిక ప్రమాణం కన్నా తక్కువగా ఉంది. నెల నుంచి రెండు నెలల మధ్య పరీక్షించిన వారిలో అది 37 శాతం, రెండు నెలలు దాటాక 28 శాతం. కౌంట్ తక్కువగా ఉన్నవారి శాతం అదే క్రమంలో 37 నుంచి 29కి, అక్కడి నుంచి 6కు దిగింది. సంఖ్య తొందరగా కోలుకుంది, కదలిక నెమ్మదిగా కోలుకుంది. ఈ కోలుకోవడం గడిచిన కాలంతో పాటే కనిపించింది.

కండల కోసం జిమ్ముల్లో తీసుకునే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు, స్టెరాయిడ్ల సంగతి మరింత గట్టిగా చెప్పుకోవాలి. మగతనం పెంచే హార్మోను కాబట్టి సంతానానికీ మంచిదేనన్న అపోహ చదువుకున్నవారిలోనూ ఉంది. బయటి నుంచి హార్మోను వస్తుంటే, వృషణాలను పనిచేయమని ఆదేశించే హార్మోన్లను మెదడు ఆపేస్తుంది. శుక్రకణాల తయారీ పడిపోతుంది, చాలామందిలో కౌంట్ సున్నాకు చేరుతుంది. పురుషుల గర్భనిరోధకంగా టెస్టోస్టిరాన్‌ను పరీక్షించిన ప్రయోగాలు జరిగాయంటేనే దాని ప్రభావం ఎంతటిదో అర్థమవుతుంది. అలాంటి 30 అధ్యయనాల్లో పాల్గొన్న 1,500 మందికి పైగా పురుషుల వివరాలను కలిపి 2006లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఆపేశాక కౌంట్ మిల్లీలీటరుకు 2 కోట్లకు తిరిగి చేరడానికి మధ్యస్థంగా 3.4 నెలలు పట్టింది. ఆరు నెలల్లో 67 శాతం మంది, ఏడాదిలో 90 శాతం మంది ఆ స్థాయికి చేరతారనీ, అందరూ చేరడానికి రెండేళ్లు పట్టవచ్చనీ అది అంచనా వేసింది. ఆ ప్రయోగాల్లో వాడినవి లెక్కగా ఇచ్చిన మోతాదులు. జిమ్ముల్లో నాలుగైదు మందులు కలిపి ఏళ్ల తరబడి వాడేవారికి ఇంతకన్నా ఎక్కువ కాలం పట్టవచ్చు, వైద్యుడి సాయం కూడా అవసరం కావచ్చు.

వెరికోసీల్ (వృషణాల దగ్గరి సిరలు ఉబ్బడం) శస్త్రచికిత్స తర్వాత మూడు నెలలకు గాని మళ్లీ వీర్య పరీక్ష రాయకపోవడం, వేసెక్టమీ అయ్యాక మూడు నెలలు వేరే జాగ్రత్త పాటించి పరీక్షలో కణాలు లేవని తేలాకే నిశ్చింతగా ఉండమనడం ఈ కాలక్రమాలకు వైద్యులు రోజూ ఇచ్చే గుర్తింపే. మొదటిదానిలో కొత్త కణాలు తయారయ్యే వ్యవధి కోసం ఆగాలి. రెండోదానిలో గొట్టంలో మిగిలిన పాతవి ఖాళీ అయ్యేదాకా ఆగాలి, అందుకు వ్యవధితో పాటు తగినన్ని స్ఖలనాలు కూడా కావాలి.

నమూనా ఇచ్చే తీరు కూడా అంకెలను మార్చేస్తుంది. స్ఖలనంలో మొదట వచ్చే భాగంలోనే శుక్రకణాలు ఎక్కువగా ఉంటాయి. ల్యాబు పక్క ఇరుకు గదిలో, బయట ఎవరో తలుపు తడుతుండగా హడావిడిగా పట్టినప్పుడు ఆ మొదటి చుక్కలు డబ్బాలో పడకపోతే కౌంట్ సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. ఆ విషయం సిబ్బందికి చెప్పాలి, సిగ్గుపడి ఊరుకుంటే లేని రోగం అంటుకుంటుంది. ఇంట్లో పట్టి తెచ్చేవారు గంటలోపు, ఎండకూ ఏసీ చలికీ గురికాకుండా అందించాలి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒకే వ్యక్తి కౌంట్ వారం వారం ఎక్కువ తక్కువలుగా ఊగుతూనే ఉంటుంది. అందుకే ఒక్క రిపోర్టు చూసి తీర్పు చెప్పకుండా, ఒకే విరామంతో కొన్ని వారాల తేడాలో ఇచ్చిన రెండు నమూనాలనైనా చూడాలంటారు.

ఓపిక పట్టడానికీ హద్దుంది. కౌంట్ సున్నా వచ్చినప్పుడు మూడు నెలలు చూద్దామని వాయిదా వేయడం సరికాదు. అడ్డంకి ఉందా, హార్మోన్ల లోపమా, జన్యు కారణమా అన్నది వెంటనే తేల్చాలి. క్యాన్సర్ చికిత్స మొదలుపెట్టబోయే యువకుడి విషయంలో కోలుకునే కాలాన్ని నమ్ముకోకుండా, మొదటి మందు ఎక్కించక ముందే వీర్యాన్ని శీతలీకరించి భద్రపరచాలి. భార్య వయసు 35 దాటితే ఏడాది ఆగకుండా ఆరు నెలలకే ఇద్దరికీ పరీక్షలు మొదలుపెట్టాలన్నది వైద్య సంఘాల సూచన. భర్త కౌంట్ మెరుగుపడే లోపు గడిచే ప్రతి మూడు నెలలూ ఆమె అండాల ఖాతాలో నుంచే ఖర్చవుతాయి. ఆ వయసులో మందుల ప్రభావం కోసం ఎదురుచూడటమా, ఉన్న కణాలతోనే ఐయూఐకో (శుక్రకణాలను నేరుగా గర్భాశయంలోకి పంపే చికిత్స) ఐవీఎఫ్‌కో వెళ్లడమా అన్నది భర్త రిపోర్టుతో పాటు భార్య అండాశయాల స్థితిని కూడా చూసి తీసుకోవాల్సిన నిర్ణయం.